పాత కారు: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఇంటి దగ్గర ఏం చేసుకోవచ్చు

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్ళినప్పుడు నేను మొట్టమొదట చేసే పని బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. చల్లగా ఉంటే మాటల్లోకి దిగుతాను. వెచ్చగా ఉంటే "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి వెనక్కి వచ్చేస్తాను. ఈ తెలివి ఊరికే రాలేదు. ఒకసారి అమ్మే ఆయన నేను వెళ్ళేసరికే బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, సిద్ధంగా ఉంచాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. కొన్న మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే సైలెన్సర్‌లోంచి నీలం పొగ గుప్పుమంది. వేడి మీద ఉన్న ఇంజిన్ ఆ పొగను దాచింది. మిగతాది నా తొందర చూసుకుంది.

కారు కొనడంలోనైనా, ఇంటి దగ్గర రిపేరు చేసుకోవడంలోనైనా ఎక్కువమందికి దెబ్బ తగిలేది తొందర దగ్గరే. అందుకే కింద చెప్పేవన్నీ ఒక వరసలో పెట్టాను. అదే వరసలో వెళ్ళండి.

## బయల్దేరే ముందే

ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్ళుగా వాడుతున్నారు, ఎందుకు అమ్ముతున్నారు, ఎక్కడైనా గుద్దుకుందా, సర్వీసు రికార్డులు ఉన్నాయా. జవాబులు రాసి పెట్టుకుని, బండి దగ్గర నిలబడ్డప్పుడు మాటల మధ్యలో అవే మళ్ళీ అడగండి. నిజం చెప్పినవాళ్ళ జవాబు మారదు.

తర్వాత ఛాసిస్ నంబరు. విన్ అని కూడా అంటారు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో వాడరు, 1తోనూ 0తోనూ కలిసిపోతాయని. కాబట్టి ఆ మూడింట్లో ఏది కనిపించినా రాసుకోవడంలో పొరపాటైనా అయ్యుండాలి, నంబరుని ఎవరైనా మార్చైనా ఉండాలి. కాగితాల్లో ఉన్న నంబరు, బండి మీద కొట్టి ఉన్న నంబరు, తలుపు పక్క స్టిక్కరు మీద నంబరు, అన్నీ ఒకటే కావాలి. కొట్టిన చోట లోహం గీకినట్టు, రంగు కొత్తగా వేసినట్టు కనిపిస్తే మిగతావేవీ చూడనక్కర్లేదు, లేచి వచ్చేయండి.

అదే నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) ఏమైనా పెండింగ్ ఉందేమో వెతకండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతే చూడండి. వాటిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ పాడై, బ్యాగు తెరుచుకునే బదులు లోహపు ముక్కల్ని మొహం మీదికి విసిరింది, ప్రాణాలు పోయాయి. ఎన్నో బ్రాండ్ల కోట్లాది కార్లు వెనక్కి పిలిచారు. అలా పిలిచినా వెళ్ళని బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి. రీకాల్ పని కంపెనీ ఉచితంగా చేసిపెడుతుంది, అడగడమే ఆలస్యం.

బండి మీద అప్పు తీరిందా, జరిమానాలు బాకీ ఉన్నాయా, అమ్మే మనిషీ కాగితాల్లో ఉన్న మనిషీ ఒకరేనా అన్నవి డబ్బు చేతులు మారకముందే తేలాలి. "తర్వాత ఇస్తాను" అన్న కాగితం రాదనే లెక్కేసుకోండి.

## వెలుతురులో, పొడిగా

పగటి వెలుతుర్లోనే చూడండి. ఇప్పుడే కడిగిన బండి, వానలో తడిసిన బండి మెరుస్తూ అందంగానే ఉంటుంది. గీతలూ రంగు తేడాలూ ఆ మెరుపులో కనిపించవు.

ముందు పది అడుగుల దూరం నుంచి చుట్టూ ఒకసారి తిరగండి. బండి ఒక పక్కకి ఒరిగి ఉందా? తలుపుకీ తలుపుకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా సమానంగా ఉందా? ఎడమ పక్క సందూ కుడి పక్క సందూ ఒకేలా ఉన్నాయా? తర్వాత ముందు చక్రం దగ్గర గొంతు కూర్చుని, కన్ను బాడీకి ఆనించినంత దగ్గరగా పెట్టి వెనకదాకా చూడండి. లప్పం పెట్టిన చోట ప్రతిబింబం నీళ్ళలో నీడలా వంకర్లు పోతుంది.

రంగు మళ్ళీ వేశారా అన్నది రంగు చూసి తెలియకపోవచ్చు, దాని అంచులు చూస్తే తెలుస్తుంది. తలుపు రబ్బరు బీడింగు పక్కకి లాగి చూడండి. అక్కడ రంగు తుంపర్లున్నాయంటే ఆ భాగం పెయింటింగ్‌కి వెళ్ళొచ్చినట్టే. బానెట్ హింజీల బోల్టులూ మడ్‌గార్డు బోల్టులూ చూడండి. వాటి మూలల్లో రంగు చెదిరి, పానా పట్టిన గుర్తులుంటే ఆ భాగాన్ని ఎప్పుడో విప్పారు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా తేలిక. కంపెనీలో వేసిన రంగు చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. 300 దాటితే మళ్ళీ వేసిన రంగు. 1000 దాటితే కింద లప్పం ఉంది. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకండి, పక్క భాగాలతో పోల్చండి. మీటరు లేకపోతే చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి ఆనించినా లప్పం ఉన్నచోట పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ బంపర్ల మీదా అల్యూమినియం బాడీ మీదా ఈ చిట్కా పారదు.

అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో తయారీ గుర్తులుంటాయి. అన్నీ ఒకే కంపెనీవై ఉండి ఒక్కటే వేరేదైతే ఆ అద్దం ఎందుకు మారిందని అడగండి. రాయి తగిలి పగిలిందంటే నమ్మొచ్చు. అద్దం వేరై, పక్కనున్న తలుపు సందు కూడా తేడాగా ఉంటే నమ్మకండి.

రంగు మళ్ళీ వేసిన ప్రతి బండీ చెడ్డది కాదు. గీత పడితే ఎవరైనా పెయింట్ వేయిస్తారు. భయపడాల్సింది ఫ్రేము వంగిన బండిని చూసి. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంత చూడండి, బానెట్ కింద రెండు పక్కలా ఉండే పొడుగాటి ఉక్కు దూలాలు చూడండి. కంపెనీ వెల్డింగు చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. ముడతలు, సాగిన గుర్తులు, ముద్దముద్దగా కారిన వెల్డింగు కనిపిస్తే ఆ బండి మీకొద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు.

## టైర్లు చెప్పే జాతకం

టైరు పక్క గోడ మీద డాట్ అనే గుర్తుతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బండికి మూడేళ్ళంటున్నారు, టైరుకి ఏడేళ్ళున్నాయి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న మీకే తడుతుంది. పదేళ్ళు దాటిన టైరు గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగితే టైరు అయిపోయినట్టు. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న దిమ్మలు పైకి సమానంగా వచ్చాయంటే ఆ హద్దు వచ్చేసినట్టే.

అరుగుదల తీరు ఇంకా ఎక్కువ చెబుతుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, లేదా కింద ఏదో వంగింది. అరచెయ్యితో తడిమితే గుంతలు గుంతలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయని అనుమానించండి. నాలుగు టైర్లూ కొత్తవి, అదీ చవక రకానివి, నిన్ననే వేసినట్టున్నాయా? ఆ సాక్ష్యాన్ని చెరిపేయడానికే మార్చి ఉండొచ్చు. కింద సస్పెన్షన్ ఇంకాస్త శ్రద్ధగా చూడండి.

## వరదలో మునిగిన బండి

దీన్ని విడిగా చెప్పడానికి కారణముంది. మునిగిన బండి తుడిచి ఆరబెడితే మొదటి కొన్ని నెలలు బానే నడుస్తుంది. తర్వాత వైర్ల జాయింట్లలో పచ్చ తుప్పు పాకి, ఇవాళ పవర్ విండో, రేపు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఎల్లుండి ఇంజిన్ కంప్యూటర్ చెడుతుంది.

అద్దాలన్నీ ఎక్కించిన బండిలోకి ఎక్కగానే ముక్కు పని మొదలుపెట్టండి. తడి గోనెసంచి వాసనా? లేక సెంటు వాసన మరీ ఘాటుగా ఉందా? రెండూ అనుమానమే. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, మొత్తం లోపలున్నదంతా బయటికి రావాలి. బురద చారలు కడగడం అక్కడే మర్చిపోతారు. సీటు కింద పట్టాల్లో, స్ప్రింగుల మీద తుప్పు చూడండి. ఫోన్ టార్చి వేసి డ్యాష్‌బోర్డు కింద వైర్ల సాకెట్లలో సన్నటి ఒండ్రు ఉందేమో చూడండి. పాత బండిలో కార్పెట్ ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే దాన్ని ఎత్తి చూసే హక్కు మీకుంది.

## మీటరు చెప్పేది నిజమేనా

కిలోమీటర్లు వెనక్కి తిప్పడం కష్టమైన పని కాదు. కానీ బండి ఒళ్ళు అబద్ధం ఆడదు. క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద చేతులు పెట్టే చోటు, గేర్ నాబ్, డ్రైవర్ సీటులో తలుపు వైపు అంచు, ఈ నాలుగూ చూడండి. మీటరు 35,000 అంటుంటే పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండదు. అరిగిన బండికి పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తవైతే అదీ ఒక జవాబే. సర్వీసు బిల్లుల మీద తేదీ పక్కన కిలోమీటర్లు రాస్తారు. వాటిని వరసగా పేర్చండి. అంకె ఎక్కడా వెనక్కి నడవకూడదు.

## బానెట్ ఎత్తాక

ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి ఇప్పుడు రేడియేటర్ మూత తీయొచ్చు. వేడి మీద ఎప్పుడూ తీయకండి. లోపల ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ రంగు ఏదైనా కావచ్చు, శుభ్రంగా ఉండాలి. తుప్పు రంగుంటే వట్టి నీళ్ళతో నడిపారు. పైన నూనె తెట్టు తేలితే హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు మీద అనుమానం.

ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. పాలు కలిపినట్టు గోధుమరంగు జిగురు ఉంటే ఆయిల్లోకి నీరు చేరింది. చలికాలంలో కేవలం దగ్గరి దూరాలు తిరిగిన బండిలో మూతకి కాస్త అలా అంటుకోవచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా అదే కనిపిస్తే మాత్రం ఖాయం. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, మార్చిన కొద్దిరోజులకే నల్లబడటం దాని స్వభావం.

ఇంజిన్‌లో పిస్టన్లనీ వాల్వులనీ ఒకే తాళంలో నడిపేది టైమింగ్ బెల్టా, చెయినా అడిగి తెలుసుకోండి. బెల్టు అయితే ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వుల్ని గుద్దేస్తాయి, ఇంజిన్ విప్పాల్సిందే. బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

## తాళం తిప్పినప్పుడు

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఆగండి. హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలగాలి. ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాల్లో ఏదైనా అసలు వెలగనే లేదంటే, లోపం బయటపడకుండా ఆ దీపాన్నే ఎవరో ఆపేసి ఉండొచ్చు. వెలిగి ఆరనిదాని కంటే ఇదే ప్రమాదం.

అప్పుడు స్టార్ట్ చేయండి, మీతో వచ్చిన వాళ్ళని సైలెన్సర్ వెనక, పొగ పీల్చకుండా కాస్త పక్కగా నిలబెట్టండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్టింగ్‌లో మాత్రమే గుప్పుమని ఆగితే వాల్వ్ సీళ్ళు, ఆక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువగా పోతోంది. తెల్లటిది చల్లటి పూట రెండు నిమిషాలు రావడం మామూలే, అది ఆవిరి. ఇంజిన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో చిక్కగా వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది. మొదటి రెండు సెకన్లలో గొలుసు కొట్టుకున్నట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చెయిన్ సంగతి చూడాలి.

## నడిపి చూడటం

కనీసం అరగంట నడపండి. వీధి చివరిదాకా వెళ్ళొచ్చి "బాగుంది" అనడం నడపడం కాదు. పాటలు ఆపండి, ఏసీ ఆపండి, వీలైతే అమ్మే ఆయన్ని కూడా మాటలు ఆపమనండి.

బ్రేకు బూస్టర్ (మన తొక్కుడికి బలం కలిపే భాగం) పరీక్ష కదలకముందే చేయాలి. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలా తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తోంది. తర్వాత గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. మెల్లమెల్లగా నేలకి జారిపోతుంటే పెడల్ ఒత్తిడిని బ్రేకులకి పంపే మాస్టర్ సిలిండర్ లోపమో, ఎక్కడైనా బ్రేకు ఆయిల్ కారడమో అయ్యుంటుంది. ఆ బండిని రోడ్డెక్కించకండి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ని ఒక చివరికి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, తర్వాత రెండో వైపు. టకటకమని చప్పుడొస్తే డ్రైవ్ షాఫ్టు జాయింట్లు అయిపోయాయి. రోడ్డు మీద మూడో గేరులోనో నాలుగో గేరులోనో తక్కువ వేగం నుంచి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే డి లోకి, ఆర్ లోకి వేసినప్పుడు ఒకటి రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆలోచించకూడదు, కుదుపు ఉండకూడదు. గేర్‌బాక్స్ రిపేరు కొన్ని పాత బండ్లలో బండి ఖరీదుతో పోటీ పడుతుంది, కాబట్టి ఇక్కడ అనుమానం వస్తే సర్దుకుపోకండి.

వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేయండి. బండి ఒక పక్కకి లాగకూడదు. పెడల్ కింద అదురుతుంటే డిస్కులు సమానంగా లేవు. వేగంలో స్టీరింగ్ వణికితే చక్రాల బ్యాలెన్స్ కావచ్చు, వంగిన రిమ్ము కావచ్చు. వేగం పెరిగేకొద్దీ హోరు పెరుగుతూ, మలుపులో ఆ హోరు తగ్గడమో పెరగడమో జరిగితే వీల్ బేరింగు.

తిరిగొచ్చాక ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి పది నిమిషాలు ఆగండి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలబడాలి, ఫ్యాను తిరిగి ఆగాలి. కింద నేల మీద చుక్కలు పడ్డాయా? ఏసీ నుంచి నీళ్ళయితే ఫరవాలేదు.

## స్కానర్, లిఫ్టు

స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్లు అక్కడ చదవొచ్చు. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోల్ కార్లకి 2001 నుంచీ డీజిల్ వాటికి 2004 నుంచీ తప్పనిసరి అయింది. అరచేతిలో పట్టే చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌లో చదవొచ్చు. కోడ్లు ఏవీ లేవని సంబరపడేముందు ఇంకొకటి చూడండి. రెడీనెస్ మానిటర్లు అని ఉంటాయి, కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అవి చెబుతాయి. చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, ఎవరో ఈ మధ్యే కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ విప్పారు. "వారం నడిపాక మళ్ళీ చూద్దాం" అని నవ్వుతూ చెప్పి, అవతలి మొహం చూడండి.

ఆఖరి మెట్టు, మీ మెకానిక్‌తో లిఫ్టు ఎక్కించి కింద చూపించడం. అమ్మేవాళ్ళ మెకానిక్ కాదు, మీ మెకానిక్. దీనికి ఒప్పుకోని మనిషి దగ్గర కొనకండి. నేను ఇప్పటిదాకా పైన చెప్పినవన్నీ చూసుకునీ, లిఫ్టు కింద వెనక ఛాసిస్‌లో వేలు దూరేంత తుప్పు కనిపించి వదిలేసిన బండి ఒకటుంది. బయటికి ముద్దుగా ఉండేది.

## ఇక ఇంటి దగ్గర: ఏది మన పని, ఏది కాదు

కొన్నారు. ఇప్పుడు చిన్న పనులు మనమే చేసుకుందామని చేతులు దురదపెడతాయి, మంచిదే. ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, వైపర్లు, బల్బులు, ఫ్యూజులు, బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు ఓపిక ఉన్న ఎవరికైనా వస్తాయి. బ్రేకు ప్యాడ్లు తెలిసినవాళ్ళ పక్కన ఉండి ఒకసారి చేశాకే ఒంటరిగా చేయండి.

ముట్టుకోకూడనివి కూడా స్పష్టంగా చెబుతాను. ఎయిర్‌బ్యాగులు, వాటి పసుపు రంగు సాకెట్లు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు, వాటిలో వందల వోల్టులు పారతాయి. సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగులు, నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ఎముక విరుగుతుంది. ఏసీ గ్యాసు. పెట్రోల్ పైపులు.

ఏ పనైనా ఇంజిన్ ఆన్‌లో ఉండి చేయాల్సి వస్తే ఆరుబయట చేయండి. సైలెన్సర్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. గ్యారేజీ తలుపు తెరిచాం కదా అనుకోవద్దు, అది సరిపోదు. బానెట్ కింద ఫ్యాను కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా దానంతట అదే తిరుగుతుంది, వేళ్ళు దూరంగా ఉంచండి. ఉంగరం, గడియారం, చున్నీ, వదులు చొక్కా చేతులు, అన్నీ పక్కన పెట్టాకే మొదలుపెట్టండి. కిందికి దూరే పనైతే కళ్ళద్దాలు తప్పనిసరి. పైనుంచి రాలే తుప్పు సరిగ్గా కళ్ళలోకే వస్తుంది.

## జాకీ

ఇంటి రిపేర్లలో మనిషి ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే, కాబట్టి అంకెలు వేసి చెబుతాను.

1. చదునైన గట్టి నేల మీద బండి ఆపండి. మట్టి, గడ్డి, వాలు పనికిరావు. ఎండకి మెత్తబడిన తారు మీద కూడా జాకీ కుంగుతుంది.
2. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పి లో. ఎత్తే చివరకి ఎదురు చివర చక్రాలకి ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టండి. ముందు పక్క ఎత్తితే వెనక చక్రాలకి, వెనక పక్క ఎత్తితే ముందు చక్రాలకి.
3. చక్రం విప్పే పనైతే, నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. ఎత్తాక బలం పెడితే బండి జాకీ మీంచి జారుతుంది.
4. బండి మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ ఆనించండి.
5. కావలసినంత ఎత్తగానే జాకీ స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించండి. స్టాండ్ల మీద రాసిన సామర్థ్యం బండి బరువుకి తగ్గట్టు ఉండాలి.
6. కింద దూరేముందు బండిని పక్క నుంచి గట్టిగా ఊపండి. కదిలితే ఇప్పుడే కదలాలి, మీరు కింద ఉన్నప్పుడు కాదు. విప్పిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెట్టండి, అన్నీ మోసం చేస్తే అదే ఆఖరి ఆధారం.

జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక్క రబ్బరు సీలు పోతే బండి కిందికి వచ్చేస్తుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలొద్దు, అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పొడైపోతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు కిందికి దూరకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, మాట వినపడేంత దూరంలో ఉండమనండి.

## బ్యాటరీ

విప్పేటప్పుడు నెగిటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. కారణం తెలిస్తే మర్చిపోరు. కారు బాడీ మొత్తం నెగిటివ్‌కి కలిపి ఉంటుంది. పాజిటివ్ విప్పుతుండగా పానా రెండో చివర బాడీకి తగిలితే షార్టయి పానా ఎర్రగా కాలిపోతుంది. నెగిటివ్ ముందే తీసేస్తే ఆ దారి తెగిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ ఆన్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకి రావాలి. కొన్ని కొత్త కార్లలో కాస్త అటూ ఇటూ అవుతుంది. రాకపోతే బ్యాటరీ మార్చి లాభం లేదు, లోపం బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వైపుంది.

జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ఎర్ర కేబుల్ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది మంచి బ్యాటరీ నెగిటివ్‌కి. నల్లదాని రెండో కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి పెట్టకుండా, దానికి దూరంగా ఆ కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి పట్టించండి. చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు. తీసేటప్పుడు ఇదే వరస వెనకనుంచి.

## ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, మరిగేంత వేడిగా కాదు. డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ పూర్తిగా కారనివ్వండి. బోల్టుకి కొత్త వాషరు వేయండి.

పాత ఫిల్టరు తీయగానే దాని రబ్బరు రింగు ఫిల్టరుతోపాటు వచ్చిందో లేదో చూడండి. నేను ఒకసారి చూడలేదు. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉంది, దాని మీద కొత్త ఫిల్టరు బిగించాను. స్టార్ట్ చేసిన నిమిషంలో రెండు రింగుల మధ్యనుంచి కొత్త ఆయిల్ మొత్తం నేలపాలు. వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్ బతికింది. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, ఫిల్టరు ఆనిన దగ్గర్నుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగించండి. చాలావాటికి అది చాలు, ఫిల్టరు మీద వేరే కొలత రాసుంటే దాన్నే పాటించండి.

మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, చెప్పినంత పోయండి. ఎక్కువ పోసినా నష్టమే. ఒక నిమిషం స్టార్ట్ చేసి, ఆపి, కిందికి చూడండి. కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. పాత ఆయిల్ డబ్బాలో పోసి, తీసుకునే చోట అప్పగించండి, కాలవలో పోయకండి. కారిన కూలెంట్ కూడా వెంటనే కడిగేయాలి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి విషం.

చిన్న పనుల గురించి రెండు ముక్కలు. స్పార్క్ ప్లగ్గు చల్లటి ఇంజిన్‌లోనే మార్చాలి, మర మొదలు వేళ్ళతో ఎక్కించాలి, పానాతో కాదు. అల్యూమినియం హెడ్‌లో మర చెడితే పెద్ద ఖర్చు. ఫ్యూజు పోతే అన్నే ఆంపియర్లది వేయండి. తీగ చుట్టి పని జరుపుకున్నవాళ్ళ కారులో తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరింగు.

## బ్రేకు ప్యాడ్లు

ఒకేసారి రెండు చక్రాలూ విప్పకండి. ఒక పక్క పూర్తయ్యాక రెండోది. ఏది ఎలా ఉండేదో మర్చిపోతే చూసుకోవడానికి రెండో పక్క ఉంటుంది. అయినా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ప్యాడ్లు మాత్రం ఒకే ఆక్సిల్ మీద, అంటే ముందు రెండు చక్రాలకైనా వెనక రెండింటికైనా, రెండు పక్కలా మార్చాలి.

దుమ్ముని గాలితో ఊదకండి. పాత ప్యాడ్లలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు వేసుకుని, బ్రేకు క్లీనర్‌తో తడిపి తుడవండి. విప్పిన క్యాలిపర్‌ని (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకండి, గొట్టం లోపల చిట్లుతుంది. తీగతో స్ప్రింగుకి కట్టండి. క్యాలిపర్ బయట ఉండగా ఎవరూ బ్రేకు పెడల్ తొక్కకుండా చూసుకోండి. పిస్టన్ లోపలికి నెట్టేటప్పుడు బానెట్ కింద డబ్బాలో బ్రేకు ఆయిల్ పొంగుతుందేమో కనిపెట్టి ఉండండి, అది పెయింట్‌ని తినేస్తుంది. వెనక పక్క కొన్ని కార్లలో పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి. హ్యాండ్ బ్రేకు బటన్‌తో పనిచేసే కారైతే ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది లేకుండా బలవంతం చేస్తే మోటారు విరుగుతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా దిగొచ్చు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. రెండేళ్ళకోసారి మార్పించండి, ఎప్పుడో తెరిచి పెట్టిన డబ్బా వాడకండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 రకాన్ని మిగతావాటితో కలపకూడదు.

అన్నీ బిగించాక చక్రం నట్లు నక్షత్రం ఆకారంలో, ఒకటి విడిచి ఒకటి బిగించండి. బండి దించాక, బిగువు కొలిచే టార్క్ పానాతో మాన్యువల్ చెప్పిన కొలతకి తేండి. తర్వాత కదలకముందే బ్రేకు పెడల్‌ని గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. ప్యాడ్లు మార్చాక మొదటి తొక్కుడుకి పెడల్ నేలకి పోతుంది, బ్రేకు పట్టదు. ఇది మర్చిపోయి ఎదురుగా గోడని గుద్దినవాళ్ళున్నారు. డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. ఖాళీ చోట నడిచేంత వేగంలో రెండు మూడుసార్లు ఆపి చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కండి. 80, 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ పానా మళ్ళీ తీసి, చక్రం నట్లు ఇంకోసారి చూసుకోండి.